మాయా లిపిని చదవడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది?

మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్, హోండూరాస్‌లో పడమటి కొస. ఒకప్పుడు మాయా రాజ్యాలు వెలిగిన నేల ఇది. అక్కడి శిలాస్తంభాల మీద, గుడి గోడల మీద, ద్వారబంధాల మీద, చివరికి తాగే పాత్రల మీద కూడా ఒక వింత రాత కనిపిస్తుంది. మనుషుల ముఖాలు, జంతువుల తలలు, చేతులు, చుక్కలు, గీతలు ఒకదానిలో ఒకటి ఒదిగి చదరపు దిమ్మల్లా పేర్చి ఉంటాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటికే ఈ రాత వాడుకలో ఉంది. స్పెయిన్ వాళ్ళు వచ్చి ఆక్రమించాక కొన్ని తరాల్లోనే దాన్ని చదవగలిగే మనిషి లేకుండా పోయాడు. మళ్ళీ చదవగలగడం 20వ శతాబ్దం రెండో సగంలో గానీ కుదరలేదు.

లిపి కష్టమైనదే, అందులో సందేహం లేదు. కానీ దాన్ని చదవడానికి కావలసిన అసలు ఆధారం 1864లోనే అచ్చయి అందరి చేతుల్లోకీ వచ్చింది. ఆ ఆధారాన్ని ఎలా వాడుకోవాలో చూపించిన వ్యాసం 1952లో వెలువడింది. ఆ వ్యాసాన్ని పండితులు ఒప్పుకోవడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ ఆలస్యంలో పెద్ద వాటా ఆ లిపి గురించి ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలదే.

1562 జూలైలో, మెక్సికో ఆగ్నేయాన ఉన్న యుకతాన్ ద్వీపకల్పంలోని మానీ అనే ఊళ్ళో దియేగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి మాయా విగ్రహాలనూ పుస్తకాలనూ కుప్పపోయించి తగలబెట్టించాడు. చెట్టు బెరడుతో చేసిన కాగితానికి సున్నపు పూత పూసి, రంగులతో రాసి, మడతలు పెట్టిన పుస్తకాలవి. అలాంటివి ఇవాళ నాలుగే మిగిలాయి. డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్, మెక్సికో సిటీల్లో ఒక్కొక్కటి ఉన్నాయి. మానీలో చేసిన పనులకు సంజాయిషీ చెప్పుకోవడానికి లాందా స్పెయిన్ వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ 1566 ప్రాంతంలో యుకతాన్ ప్రజల జీవితం గురించి ఒక పెద్ద వివరణ రాశాడు. పుస్తకాలు కాల్చినవాడే ఆ లిపి గురించి ఒక పేజీ రాసిపెట్టాడు. ఆ వివరణ తాలూకు నకలు మాడ్రిడ్‌లోని ఒక గ్రంథాలయంలో చాలాకాలం ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంది. 1862లో బ్రాస్యూర్ దె బూర్‌బూర్ అనే ఫ్రెంచ్ మతాచార్యుడి కంటపడింది. రెండేళ్ళకు ఆయన దాన్ని అచ్చు వేయించాడు.

ఆ పేజీని కాస్త దగ్గరగా చూడాలి. మాయా వాళ్ళకు కూడా స్పానిష్‌లో లాగే ఎ, బి, సి అనే అక్షరాలు ఉంటాయని లాందా అనుకున్నాడు. చదువొచ్చిన ఒక మాయా మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్కో అక్షరం పేరు పలికి, మీ లిపిలో రాయమన్నాడు. స్పానిష్‌లో బి అక్షరాన్ని 'బే' అంటారు. యుకతాన్ మాయా భాషలో 'బే' అంటే దారి. ఆ రాసే మనిషి దారి మీద పడ్డ పాదముద్ర గీశాడు. లాందా 'కు' అంటే 'కు' అని పలికే గుర్తు వేశాడు, 'కా' అంటే 'కా' అని పలికేది వేశాడు. అంటే అడిగింది విడి అక్షరం, వచ్చింది అచ్చుతో కలిసిన హల్లు. తర్వాత 'లె' అనే మాట రాయమన్నాడు. వేటకు వాడే ఉచ్చును వాళ్ళు అలా అంటారు. స్పెయిన్ బడిపిల్లల పద్ధతిలో లాందా ముందు అక్షరాల పేర్లు పలికి, చివర మొత్తం మాట చెప్పాడు: 'ఎలె', 'ఎ', 'లె'. ఆ మనిషి విన్నదంతా విన్నట్టే రాశాడు. ఇంగ్లీషు రాని మనిషికి ఫోన్‌లో 'ఆర్, ఏ, ఎమ్, రామ్' అని స్పెల్లింగ్ చెబితే 'ఆరేఎమ్ రామ్' అని తెలుగులో రాసుకున్నట్టు ఉంటుంది ఇది. తప్పు రాసినవాడిది కాదు.

పేజీ చివర నీకు తోచిన వాక్యం ఏదైనా రాయమని అడిగితే ఆయన రాసింది 'మా ఇన్ కాతి'. 'నాకు ఇష్టం లేదు' అని దాని అర్థం. విసిగిపోయి రాశాడా, నోటికి వచ్చిన మాట రాశాడా అన్నది ఎవరూ తేల్చలేరు. కానీ ఆ వాక్యంలో మా, ఇ, న, కా, తి అని ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు వేసి ఉంది. ఈ లిపి మాటల్ని శబ్దాలుగా రాయగలదు అనడానికి అంతకన్నా తేటగా ఇంకేం చెప్పాలి?

అయినా పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని చూసినవాళ్ళు లాందా అనుకున్నట్టే అనుకున్నారు. అది ఎ, బి, సి పట్టిక అని నమ్మి, మడత పుస్తకాల్లోని గుర్తుల స్థానంలో ఆ అక్షరాలు పెట్టి చదవబోతే అర్థంపర్థం లేని మాటలు వచ్చాయి. కొన్నాళ్ళకు లాందా పేజీ పనికిమాలినదనే అభిప్రాయం స్థిరపడిపోయింది.

ఈలోగా లెక్కల వైపు నుంచి మంచి పురోగతి వచ్చింది. డ్రెస్డెన్ గ్రంథాలయాధికారి ఎర్నెస్ట్ ఫోర్‌స్టెమాన్ 1880ల నుంచి అక్కడి మడత పుస్తకం మీద పనిచేసి మాయా కాలగణనను, శుక్రగ్రహ పట్టికలను విప్పాడు. చుక్క అంటే ఒకటి, గీత అంటే ఐదు, గవ్వలాంటి గుర్తు సున్నా. లెక్క ఇరవైల్లో నడుస్తుంది. ఏ శాసనం ఏ రోజుదో చెప్పడం దీనితో సాధ్యమైంది. 2012 డిసెంబరులో ప్రపంచం అంతమైపోతుందని టీవీల్లో టెన్షన్ పెట్టించిన తేదీ కూడా ఈ లెక్కలోదే. మాయా వాళ్ళకు అది ఒక పెద్ద చక్రం ముగిసిన రోజు మాత్రమే.

అయితే తేదీలు మాత్రమే చదవగలిగిన స్థితి నుంచి ఒక పెడ ఆలోచన పుట్టింది. శాసనాల్లో తేదీలు తప్ప ఇంకేమీ లేవని, మిగతా గుర్తులు దేవుళ్ళకూ నక్షత్రాలకూ సంబంధించిన గూఢ భావాలని, మాట్లాడే భాషతో వాటికి సంబంధం లేదని అనుకోవడం మొదలైంది. ఆ వాదానికి పెద్ద దిక్కు ఇంగ్లండ్‌కు చెందిన ఎరిక్ థాంప్సన్. ఆయన పాండిత్యాన్ని తక్కువ చేసి చూపడం అన్యాయం. 1962లో ఆయన తయారుచేసిన గుర్తుల జాబితాలోని నంబర్లను పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. కానీ శబ్దాలతో చదవాలని చూసిన ప్రతి ఒక్కరినీ ఆయన గట్టిగా ఖండించాడు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళు కొన్ని దశాబ్దాల పాటు చాలా తక్కువ. జర్మన్ పండితుడు పాల్ షెల్‌హాస్ అయితే ఈ లిపిని విప్పడం పరిష్కారం లేని సమస్య అని 1945లో ఒక వ్యాసమే రాశాడు.

ఆ వ్యాసం చదివి పట్టుదల పట్టిన యువకుడు యూరి క్నొరోజొవ్. 1922లో ఖార్కివ్ దగ్గర పుట్టి, మాస్కోలో చదువుకుని, తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో పనిచేశాడు. మాయా నేల మీద అప్పటికి ఆయన అడుగు పెట్టలేదు, 1990 దాకా పెట్టలేకపోయాడు కూడా. ఆయన దగ్గర ఉన్నవి మడత పుస్తకాల అచ్చు ప్రతులు, లాందా వివరణ, పాత యుకతాన్ నిఘంటువులు. మొదట ఆయన వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది: మొత్తం ఎన్ని గుర్తులు ఉన్నాయి? విడి అక్షరాల లిపి అయితే ఇరవయ్యో ముప్పయ్యో ఉండాలి. శబ్దాల గుంపులతో రాసేదైతే వంద దాకా ఉండొచ్చు. మాటకొక గుర్తు చొప్పున రాసేదైతే వేలు కావాలి. మాయాలో ఉన్నవి కొన్ని వందలు. అంటే కొన్ని గుర్తులు మొత్తం మాటను, కొన్ని గుర్తులు శబ్దాన్ని చూపించే కలగలుపు లిపి అయి ఉండాలి. అలాంటప్పుడు లాందా పేజీలో ఉన్నవి శబ్దాల గుర్తులే అని ఆయన గ్రహించాడు.

దాన్ని నిరూపించిన తీరు చాలా అందంగా ఉంటుంది. డ్రెస్డెన్ పుస్తకంలో ఒకచోట సీమకోడి బొమ్మ ఉంది, దాని పైన రెండు గుర్తులున్న దిమ్మ ఉంది. మొదటి గుర్తు లాందా పేజీలో 'కు'. సీమకోడిని యుకతాన్ మాయాలో 'కుత్స్' అంటారు. (ఈ 'త్స' మనకు కొత్త కాదు, 'చుక్క', 'చాప' అన్నప్పుడు పలికే చకారానికి బాగా దగ్గర.) మొదటిది 'కు' అయితే రెండోది 'త్సు' కావాలి. ఇప్పుడు అదే పుస్తకంలో కుక్క బొమ్మ దగ్గరికి వెళ్ళాలి. అక్కడి దిమ్మలో మొదటి గుర్తు, సీమకోడి దిమ్మలోని రెండో గుర్తు ఒకటే. అంటే 'త్సు'. రెండోది లాందా పేజీలో 'ల' శబ్దానిది. కలిపితే 'త్సు-లు'. పాత నిఘంటువులో 'త్సుల్' అంటే కుక్క! ఇంకోచోట పదకొండు అనే అంకె ఉండాల్సిన స్థానంలో చుక్కా గీతా లేకుండా మూడు గుర్తులు ఉన్నాయి. మొదటిది చెరిగిపోయింది, రెండోది 'లు', మూడోది 'కు'. యుకతాన్ మాయాలో పదకొండును 'బులుక్' అంటారు. ఒక చోట ఊహించిన శబ్దం సంబంధం లేని ఇంకో చోట సరిగ్గా అతికింది. ఇలాంటివి వరసగా వస్తుంటే యాదృచ్ఛికం అనడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక సూత్రం కూడా బయటపడింది. మాయా మాటలు ఎక్కువగా హల్లుతో ముగుస్తాయి. మన లిపిలో 'క్', 'ల్' అని పొల్లు పెట్టి అచ్చును తీసేయొచ్చు. వాళ్ళ లిపిలో పొల్లు లేదు. అందుకని చివరి హల్లుకు కూడా అచ్చుతో ఉన్న గుర్తే వేసి, చదివేటప్పుడు ఆ అచ్చును వదిలేసేవాళ్ళు. సాధారణంగా ముందున్న అచ్చునే చివర కూడా వేస్తారు. అందుకే కు-త్సు, త్సు-లు. ఈ పొంతన తప్పిన మాటలూ చాలానే ఉన్నాయి, అవి ఎందుకు తప్పుతాయన్న దానిమీద పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. గుణింతాలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ పద్ధతి ఒక్క పూటలో బుర్రకెక్కుతుంది. విడి అక్షరాలకు అలవాటుపడ్డ యూరప్ పండితులకు మాత్రం అది తట్టలేదు.

క్నొరోజొవ్ వ్యాసం 1952లో ఒక సోవియట్ పత్రికలో వచ్చింది. అసలే ప్రచ్ఛన్న యుద్ధ కాలం. థాంప్సన్ దాన్ని కమ్యూనిస్టు ప్రచారం కింద జమకట్టి కొట్టిపారేశాడు. క్నొరోజొవ్ చదివిన కొన్ని మాటలు నిజంగానే తప్పు, వాటిని చూపించి పద్ధతి మొత్తాన్ని తోసిపుచ్చడం సులువైంది. 1975లో చనిపోయేదాకా థాంప్సన్ ఈ విషయంలో మెత్తబడలేదు. అమెరికాలో ఆ పద్ధతిని సీరియస్‌గా తీసుకున్న కొద్దిమందిలో డేవిడ్ కెల్లీ ఒకరు. 1962లో ఆయన యుకతాన్‌లోని చిచెన్ ఇత్సా అనే పాత మాయా నగరపు శాసనాల్లో ఒక పేరును శబ్దాలతో చదివాడు: క-కు-ప-క-ల. స్పెయిన్ కాలపు రాతల్లో, ఇత్సాలు అనే మాయా తెగ నాయకుడిగా కకుపకల్ అనే పేరు అప్పటికే ఉంది. రాతి మీద పేరు, కాగితం మీద పేరు కలిశాయి.

మరోవైపు నుంచి, ఒక్క శబ్దం కూడా చదవకుండానే, ఇంకో గోడ కూలింది. 1958లో హైన్రిచ్ బెర్లిన్ అనే పరిశోధకుడు ఒక్కో నగరానికి ఒక్కో ప్రత్యేకమైన చిహ్నం ఉందని గుర్తించాడు. 1960లో తత్యానా ప్రొస్కురియకోవ్ ఇంకా ముందుకు వెళ్ళింది. సైబీరియాలోని తోమ్‌స్క్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరి, ఆర్కిటెక్చర్ చదివిన ఆమె శిథిలాల బొమ్మలు గీసే పనితో ఈ రంగంలోకి వచ్చింది. గ్వాటెమాలాలోని పియెద్రాస్ నేగ్రాస్ శిలాస్తంభాలను పరిశీలిస్తే అవి గుంపులుగా ఉన్నాయి. ప్రతి గుంపూ గూటిలో కూర్చున్న ఒక మనిషి బొమ్మతో మొదలవుతుంది. ఒక్కో గుంపులోని తేదీల నిడివి ఒక మనిషి ఆయుష్షుకు మించదు. ఒక తేదీ పక్కన తల పైకెత్తిన కప్ప లాంటి గుర్తు, కొన్నేళ్ళ తర్వాతి తేదీ పక్కన దవడకు కట్టు కట్టుకున్నట్టున్న గుర్తు. మొదటిది పుట్టుక, రెండోది పట్టాభిషేకం అని ఆమె తేల్చింది. గూట్లో కూర్చున్నది దేవుడు కాదు, రాజు. శాసనాలు చరిత్రే చెబుతున్నాయి. ఈ వాదాన్ని థాంప్సన్ ఒప్పుకున్నాడు, అది ఆయన పెద్దమనిషి తరహా.

ఈ రెండు దారులూ 1973 డిసెంబరులో, మెక్సికోలోని పాత మాయా నగరం పలెంకేలో జరిగిన ఒక సమావేశంలో కలిశాయి. ఆర్ట్ టీచర్ లిండా షెలీ, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన విద్యార్థి పీటర్ మాథ్యూస్, యేల్ భాషాశాస్త్రవేత్త ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ ఒక మధ్యాహ్నం కూర్చుని, ఆ నగరాన్ని ఏలిన రాజుల వరుసను దాదాపు రెండు శతాబ్దాల మేరకు తేల్చేశారు. వాళ్ళలో అందరికన్నా పేరున్నవాడు 615 నుంచి 683 దాకా ఏలిన పకాల్. ఆయన సమాధి 1952లోనే దొరికినా అందులో ఉన్నది ఎవరో అప్పటికి తెలియదు. 'పకాల్' అంటే డాలు. ఆ పేరును శిల్పులు ఒకచోట డాలు బొమ్మ ఒక్కటే వేసి రాశారు. ఇంకోచోట డాలు బొమ్మకు కింద 'ల' చేర్చారు, మాట ఎలా ముగుస్తుందో చూపడానికి. వేరేచోట బొమ్మే లేకుండా ప-క-ల అని మూడు శబ్దాలు రాశారు. ఒకే పేరు ఇన్ని రకాలుగా దొరకడం వల్లే బొమ్మ గుర్తులకు శబ్దాలు కట్టడం సాధ్యమైంది. పైగా ఒకే శబ్దానికి రెండు మూడు గుర్తులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఉంటాయి. రాసేవాడు ఒకే రూపాన్ని పదేపదే వాడటానికి ఇష్టపడడు. ఈ మార్పుచేర్పులను పట్టుకోవడంలో అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ స్టూవర్ట్‌ది ప్రత్యేకమైన చూపు. 1987లో ఆయన ఒకే వ్యాసంలో పది శబ్దాల గుర్తులను నిర్ధారించాడు. అక్కడి నుంచి పని ఊపందుకుంది.

చదవగలిగాక మారిపోయిన మొదటి విషయం మాయా సమాజం గురించిన ఊహ. అంతకు ముందు వాళ్ళను నక్షత్రాలు చూసుకుంటూ శాంతిగా బతికిన పూజారులుగా చిత్రించేవాళ్ళు. శాసనాల నిండా ఉన్నవి యుద్ధాలు, పొత్తులు, పెళ్ళిళ్ళు, బందీల పేర్లు. హోండూరాస్‌లోని కోపాన్ రాజు వషక్లహూన్ ఉబాహ్ కవీల్, పక్కనే ఉన్న చిన్న రాజ్యం కిరిగ్వాలో తన కింద ఒకరిని గద్దె ఎక్కించాడు. ఆ సామంతుడే 738లో తిరగబడి ఆయన్ను పట్టుకుని తల నరికించాడు. కిరిగ్వా శాసనాలు దీన్ని గొప్పగా చెప్పుకుంటాయి. కోపాన్ శాసనాలు ఆ ఓటమిని యుద్ధంలో రాజు మరణంగా గౌరవంగా చెబుతాయి. 8వ శతాబ్దం మధ్యలో కోపాన్ వాళ్ళు పూర్తి చేసిన శాసనాల మెట్ల దారి, పోయిన పరువును నిలబెట్టుకునే ప్రయత్నంలా కనిపిస్తుంది. దాదాపు 2,200 దిమ్మలతో మాయా లోకంలో అదే అతి పొడవైన శాసనం. పైభాగం కూలిపోయాక 1930లలో రాళ్ళను మళ్ళీ పేర్చినప్పుడు ఎవరికీ చదవడం రాదు కాబట్టి వరుస తప్పింది. ఆ వరుసను పరిశోధకులు ఇంకా సరిచేసుకుంటూనే ఉన్నారు. చదివింది సరైనదేనని చూపించే చిన్న సంగతులూ ఉన్నాయి. గ్వాటెమాలాలోని రియో అసూల్ సమాధిలో దొరికిన కుండ మీద 'కకావ్' అని రాసి ఉంది, అంటే కోకో. లోపలి మడ్డిని పరీక్షిస్తే కోకో ఆనవాళ్ళు నిజంగానే దొరికాయి.

ఈ కథకు భారతదేశంతో ఒక నిజమైన లింకు ఉంది. 1960లలో క్నొరోజొవ్, ఆయన లెనిన్‌గ్రాడ్ సహచరులు సింధు లిపి మీద కూడా పనిచేశారు. కంప్యూటర్ సాయంతో గుర్తుల వరుసలను పరిశీలించి, ఆ భాష నిర్మాణం ద్రావిడ భాషలకు దగ్గరగా ఉందని అన్నారు. మనకు ఆసక్తి కలిగించే మాటే. కానీ అది లిపిని చదవడం దాకా రాలేదు. మాయా విషయంలో ఉన్నవేవీ ఇక్కడ లేవు. సింధు ముద్రల మీద సగటున ఐదు గుర్తులే ఉంటాయి. లాందా పేజీ లాంటిది ఒక్కటీ లేదు. ఏ భాషో కచ్చితంగా తెలియదు. సింధు లిపిని చదివేశామని తరచూ వచ్చే వార్తలను ఈ కొలతతో చూడటం మంచిది: ఒక చోట కట్టిన శబ్దం, సంబంధం లేని ఇంకో చోట కుక్కనో పదకొండునో పట్టివ్వాలి.

మాయా వైపు ఇంకో పెద్ద బలం ఉంది. ఆ భాషలు చచ్చిపోలేదు. దాదాపు ముప్పై మాయా భాషలను లక్షల మంది ఇవాళ్టికీ మాట్లాడుతున్నారు. శాసనాల భాషకు బాగా దగ్గరది గ్వాటెమాలా, హోండూరాస్ సరిహద్దులో మాట్లాడే చోర్తి. క్రియలు ఎలా నడుస్తాయో, కర్త ఎక్కడ వస్తుందో ఈ భాషల నుంచే తేలింది. అయినా ఆ మాట్లాడేవాళ్ళను చాలాకాలం సమాచారం ఇచ్చేవాళ్ళుగానే చూశారు, చదివేవాళ్ళుగా చూడలేదు. 1980ల చివరి నుంచి లిండా షెలీ, నికొలాయ్ గ్రూబే లాంటివాళ్ళు గ్వాటెమాలాలో మాయా టీచర్లకూ విద్యార్థులకూ ఈ లిపి నేర్పే శిబిరాలు నడిపారు. ఇప్పుడు మాయా వాళ్ళే ఒకరికొకరు నేర్పుకుంటున్నారు, కొత్త శిలలు చెక్కుతున్నారు.

మన దగ్గర కూర్చుని నేర్చుకోవాలనుకున్నా దారి ఉంది. మొదట చుక్కలు, గీతలతో అంకెలు. తర్వాత చదివే వరుస: నిలువు వరుసలను రెండేసి చొప్పున జత కట్టి, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదవాలి. ఆ తర్వాత శబ్దాల పట్టిక పెట్టుకుని పేర్లు రాసి చూడొచ్చు. క, మ, ల మూడూ ఉన్నాయి కాబట్టి 'కమల' రాయడం తేలికే, కాకపోతే పకాల్ పేరును చదివే పద్ధతిలో అది 'కమల్' అయిపోతుంది. 'గోదావరి' మాత్రం కుదరదు, ఆ భాషలో గ, ద, ర శబ్దాలు లేవు. చేత్తోనే రాయాలి, టైప్ చేయడానికి ఇంకా వీలు కాలేదు. కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లో మాయా అంకెలు 2018లో చేరాయి. అక్షరాల విషయంలో మాత్రం చిక్కు ఉంది. ఒక గుర్తు ఇంకో గుర్తు లోపలికి దూరుతుంది, పక్కదానితో కరిగి ఒకటైపోతుంది, ఒకే మాట దిమ్మకొక రూపంలో ఉంటుంది. వీటన్నిటినీ కంప్యూటర్‌కు ఎలా చెప్పాలన్న పని మీద ఇప్పుడు లిపి పండితులు, ఫాంట్లు చేసేవాళ్ళు కలిసి కూర్చుంటున్నారు.